వద్దంటే బేరమే అనుకున్నాం

బాన్సువాడలో మా ఇంటిల్లిపాదీ దుకాణాల మీద బతికినవాళ్లమే. కొనేవాళ్లు వద్దన్నారంటే మాకు బేరం మొదలైనట్టు. మెట్లు దిగిపోతున్న ఆమెను "అక్కా, నీకోసమే తీసిపెట్టిన, ఒక్కసారి ముట్టుకొని చూడు" అని వెనక్కి పిలవడం నాకు నడక కంటే ముందే వచ్చిందని మా నాయన మురిసిపోయేవాడు. ఆ విద్యే నా దగ్గర చీరలు చూపే అతనికీ నేర్పాను. ముప్పయ్యేళ్లవాడు, నన్ను మించిపోయాడు.

ఆ మధ్య వర్తకుల హాల్లో ఒక వకీలు మేడం మాట్లాడింది. బస్టాండు దగ్గర ఆడవాళ్ల వెంటపడుతున్నారట. "ఆమె వద్దంటే వద్దే. మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టు కాదు. భయపడి ఊ అన్నా ఒప్పుకున్నట్టు కాదు" అంది.

నా నోరు ఊరుకుంటుందా? "గట్లయితే మేం దుకాణాలు బంద్ పెట్టుకోవాలె మేడం!" అన్నాను. హాలంతా నవ్వింది. "నేను చీరల గురించి చెప్తలేను అన్నా" అందామె.

మర్నాడు, మంగళవారం, చీరలు మడతపెడుతూ మావాడు అన్నాడు: "అన్నా, ఎదురుంగ ఫాల్ కుట్టే ఆమె లేదా? మూడుసార్లు అడిగిన. మూడుసార్లు వద్దన్నది."

"ఇగ ఇడిసిపెట్టు మరి."

"ఏందన్నా, నువ్వే గిట్లంటవ్? మొదలు మొఖం మీద తిట్టింది. ఇప్పుడు తల వంచుకొని మెల్లగ అంటున్నది. దిగొస్తున్నది. శనివారం ఆమె వాళ్లూరు వర్నికి ఆటో ఎక్కబోయే తొవ్వల నిలబడ్త. ఆడ ఎవ్వరుండరు."

ఆ మెల్లదనం భయమని నాకు అర్థమైంది. అయినా నోరు మెదపలేదు. పెళ్లిళ్ల సీజను, అతను లేకపోతే దుకాణం నడవదు.

శనివారం మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక "వద్దురా, పోకు" అన్నాను. అతను తల వంచి ఓపిగ్గా నవ్వాడు. ఇంకా దారికి రాని గిరాకీని చూసి నవ్వమని నేను నేర్పిన నవ్వే అది.

రోడ్డు దాటి వెళ్లి ఆమెకు అంతా చెప్పాను. మిషను ఆగింది.

"ఎప్పటిసంది ఎరుక నీకు, అన్నా?"

"నిన్నటిసంది" అన్నాను. నాలుగు రోజుల్ని ఒక్కరోజుకు దించేశాను.

ఆమె నన్నే చూస్తూ వర్నిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది. "నువ్వొచ్చేదాంక నేను బయటికి రాను" అంది. నన్ను బయటికి పొమ్మని లోపల గడియ పెట్టుకుంది.

వెనక్కి తిరిగాను. మా దుకాణం ముందు అతని బండి లేదు.