నా హెడ్‌ఫోన్లలో పాట, నాయనమ్మ గొంతులో

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. రాత్రిళ్ళు మా ఇంట్లో వినపడే అడుగుల చప్పుడు ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళే నాదే. కాబట్టి ఇది చదివి ఎవరూ నాకు తాయెత్తు పంపొద్దు.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. మా నాయనమ్మ ఓపికున్నన్నాళ్ళూ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్ళింది. ఆ ఘాటుకి ఆడవాళ్ళంతా ముక్కూ నోరూ కలిపి గుడ్డ కట్టుకుంటారు. నోరు తెరిస్తే దగ్గే. అందుకని పాటలు కూడా నోరు మూసుకునే, కూనిరాగంగా తీసేవాళ్ళు.

పోయినేడు పక్షవాతం వచ్చి ఆమెకి మాట పూర్తిగా పోయింది. అప్పటిదాకా నన్ను రోజంతా తిట్టిన మనిషి. ఆ తిట్లు లేకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనుకునేవాణ్ణి. ఏమీ బాగాలేదు. ఒక్కసారి "ఒరేయ్ వెధవా" అంటే చాలని మంచం పక్కనే కూర్చునేవాణ్ణి.

నేను చర్చిలో కీబోర్డు వాయిస్తాను. ఆ రోజుల్లో సొంతంగా ఒక వరస కడుతున్నాను. దానికి మాటల్లేవు, పేరు లేదు. గొప్పగా లేదని నాకే తెలుసు కాబట్టి హెడ్‌ఫోన్లు పెట్టుకునే వాయించేవాణ్ణి. ఎవరూ వినలేదు. ఎలా ముగించాలో తెలియక చివర్లో ఆగిపోయాను.

ఒక మధ్యాహ్నం అన్నం పెట్టుకుని వెళ్తే, నాయనమ్మ నోరు మూసుకుని అదే వరస తీస్తోంది. నేను ఆగిన చోట ఆగలేదు. నాకు చేతకాని ముగింపు చక్కగా ముగించింది.

సినిమాల్లోలా కంచం జారవిడవలేదు. విడిస్తే ఊడవాల్సింది నేనే.

మాట పోయినా రాగం మిగలొచ్చు, మెదడులో దాని చోటు వేరు అన్నారు డాక్టరు గారు. దాని చోటు సంగతి సరేనండీ, నా వరస అక్కడికెలా చేరిందని నా గోల. పాస్టరు గారేమో "ఆత్మ పాడుతోంది బాబూ" అన్నారు. ఉన్న ప్రశ్నకి ఇంకోటి తోడైంది. పసితనంలో మిరప కల్లంలో నాయనమ్మ తీస్తుంటే విని ఉంటావులే అంది అమ్మ. ఇదొక్కటే నిలబడేలా కనిపించింది. నాయనమ్మతో పాటు పనికి వెళ్ళిన దీనమ్మని పిలిచి వినిపించాను.

"మేం తీసేవన్నీ చర్చి పాటలేరా అబ్బాయ్. ఇది ఎప్పుడూ వినలా," అంది. "అయినా నువ్వు కట్టిందైతే ఇంత బాగుండదులే," అని కూడా అంది.

ఇక మిగిలింది నాయనమ్మే. "ఎక్కడ విన్నావు నాయనమ్మా?" అన్నాను. అదే వరస తీసింది. "అది కాదు, ఎవరు నేర్పారు?" మళ్ళీ అదే, ఈసారి కొంచెం నెమ్మదిగా, మందబుద్ధికి చెప్పినట్టు. ఆమె జవాబు చెబుతూనే ఉంది. దాన్ని మాటల్లో పెట్టమని సతాయిస్తున్నది నేను.

విసుగొచ్చి కీబోర్డు మంచం పక్కకి తెచ్చి, ముగింపు కావాలనే తప్పు వాయించాను. నాయనమ్మ మొహం చిట్లించింది. బాగున్న చేత్తో నా వేళ్ళ మీద ఒక్కటేసి, సరైన ముగింపు గట్టిగా తీసింది.

అన్నాళ్ళుగా నేను ఎదురుచూస్తున్న తిట్టు అదే. ఒక్క మాట లేకపోయినా మొత్తం అర్థమైంది. ఆ పాట ఆమెకెలా తెలుసో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

హెడ్‌ఫోన్లు పెట్టుకోవడం మానేశాను. ఎలాగూ ఉపయోగం లేదు.