రత్తమ్మ గేదె, ఆరిపోయిన తెర

మీలో ఎవరికైనా పరువు కాస్త ఎక్కువైపోయి, ఎలా వదిలించుకోవాలో తెలియక బాధపడుతూ ఉంటే నా దగ్గరికి రండి. ఒక్క సాయంత్రంలో, కుర్చీలోంచి లేవకుండా, మొత్తం పోగొట్టుకునే పద్ధతి నాకు తెలుసు. లక్ష టీవీల సాక్షిగా ఆచరించి చూశాను.

లక్ష అన్నానా? సరే, పిల్లాపీచూ కలిపినా మా ఊళ్ళో లక్షమంది లేరు. కేబుల్ ఉన్న ఇళ్ళు కొన్ని వందలుంటాయేమో. కానీ పరువు పోయేటప్పుడు వందకీ లక్షకీ తేడా తెలియదండీ. వరదలో మునిగేవాడు నీళ్ళు ఎన్ని నిలువుల లోతో కొలుస్తాడా?

కొత్త శతాబ్దం అప్పుడే కళ్ళు తెరిచిన రోజులు. సామర్లకోట పక్కనే ఉన్న మా ఊరి జూనియర్ కాలేజీలో నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. గంగను భగీరథుడు తెచ్చినట్టు గోదావరి జిల్లాలకు, కంప్యూటర్లను నడిపించే లినక్స్‌ను తెచ్చినవాణ్ణి నేనేనని చెప్పుకు తిరిగేవాణ్ణి. తెచ్చిన మాట నిజమే. రాజమండ్రి బస్టాండులో కొన్న కంప్యూటర్ పత్రికకు లినక్స్ సీడీ ఉచితంగా అంటించి ఇచ్చారు. భగీరథుడి తపస్సు అంతే.

మా ఊరి కేబుల్ ఆపరేటర్ సత్తిబాబు. అతనికి ఒక లోకల్ చానల్ ఉండేది. సాయంత్రం చీకటి పడ్డాక అందులో సినిమా. మిగతా వేళల్లో అతని ఆఫీసు కంప్యూటర్ తెర మీద ఏది కనిపిస్తే అదే ఊళ్ళో టీవీలన్నిటిలోనూ కనిపించేది. చీరల దుకాణం తగ్గింపులు, తప్పిపోయిన తాళాలు, ట్యూషన్లు. తెలుగు అక్షరాలు ఆ కంప్యూటర్‌కి ఇంకా రావు కనుక ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేవారు. దానికి తరచూ వైరస్ పట్టి మంచం ఎక్కేది.

"లినక్స్ వేస్తే జన్మలో ఆగదు సత్తిబాబూ" అన్నాను.

"మీరెలా అంటే అలానండీ. ఆయ్."

వేశాను. నిక్షేపంగా నడిచింది. నడుస్తున్నదాన్ని నడవనివ్వడమే వైద్యం అని పెద్దలు చెప్పారో లేదో గాని, నేను వినలేదు. రోజూ సాయంత్రం అక్కడికి చేరి దాన్ని ఇంకా బాగు చేస్తూ ఉండేవాణ్ణి.

అది ఎండాకాలం. ఆ రోజు వెళ్ళగానే ముందు గదిలో ఉన్న టీవీ ప్లగ్గు పీకి, ఆ పాయింటుకి టేబుల్ ఫ్యాను పెట్టి, లోపలి గదిలో కంప్యూటర్ వైపు తిప్పుకున్నాను. మన చానల్ మనకెందుకు, తెర ముందే కూర్చుంటాం కదా అని. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. నేను మర్చిపోయాను.

అప్పుడొచ్చింది రత్తమ్మ. మా వీధికంతా పాలు పోసే మనిషి. గుమ్మంలోనే కూలబడింది.

"మాస్టారండోయ్, నా గేదె తెల్లారగట్ట తలుగు తెంపుకుని పోయిందండీ. చూడిగేదె బాబూ, ఇయ్యాలో రేపో ఈనేలా ఉంది. ఏ చెరుకుతోటలోనో ఈనిందంటే కుక్కలు పిల్లని దక్కనివ్వవండీ. పొద్దుగూకేలోపు దొరకాలి. టీవీలో ఎయ్యండి."

"వేస్తాం రత్తమ్మా, గుర్తులు చెప్పు."

"కుడికొమ్ము వంకర, నుదుట తెల్ల సుక్క. ఎవరైనా 'లచ్చీ' అంటే ఆగుద్దండి."

పెద్ద అక్షరాల్లో ప్రకటన కొట్టాను. అక్కడితో లేచి ఇంటికి వెళ్ళిపోయి ఉంటే ఈ రోజు మీకు నేనెవరో తెలిసేది కాదు, నాకు సుఖంగా ఉండేది. కానీ సత్తిబాబు నోరు జారాడు. "టీవీల్లో అచ్చరాలు కాస్త వణుకుతున్నాయంటన్నారండీ."

"వణుకా? నా లినక్స్‌లోనా?"

ఆ కంప్యూటర్‌లో బొమ్మను టీవీకి పంపే ఆజ్ఞ ఒకటుంది. దాన్ని సవరిద్దామని కొట్టాను. టక్కుమని తెర నల్లబడింది. చుక్క వెలుగు లేదు. మూకుడు అడుగైనా అంత నల్లగా ఉండదు.

"ఏంటండీ, ఆగిపోయిందా?" అన్నాడు సత్తిబాబు.

"లినక్స్ ఆగదయ్యా. ఆలోచిస్తోంది."

"నా గేదె సంగతి కూడా ఆలోచిత్తందాండీ?" అంది రత్తమ్మ.

మానిటర్ వెనక వైరు ఊపాను. మీటలన్నీ తిప్పాను. నెత్తిన రెండు తగిలించాను. డబ్బా మూత విప్పి ఊదితే సత్తిబాబు చానల్ పుట్టినప్పటి దుమ్మంతా నా ముక్కులోకి వచ్చింది. తుమ్ములు తీరాక క్యాప్స్ లాక్ మీట నొక్కి చూశాను. కీబోర్డు మీద చిన్న పచ్చదీపం వెలిగింది. మళ్ళీ నొక్కితే ఆరింది.

"ప్రాణం ఉంది! నాడి కొట్టుకుంటోంది!" అని అరిచాను.

"మరి కరెంటు తీసి పెట్టెయ్యండీ" అన్నాడు సత్తిబాబు.

"అయ్యో, అలా ఉన్నపళాన తీస్తే, మళ్ళీ లేచేటప్పుడు డిస్కంతా తనిఖీ చేసుకుంటుంది. అది తేలేసరికి పొద్దు గూకుతుంది."

ఇది అబద్ధం కాదండీ. ఆ రోజు నేనన్నవాటిలో ఇదొక్కటే నిజం.

ఈలోగా ముందు గదిలో ఫోను మోగింది. సత్తిబాబు పరుగెత్తాడు. రత్తమ్మ గుమ్మం దగ్గర రోడ్డుకేసి చూస్తూ నిలబడింది. నేనూ, నల్ల తెరా మిగిలాం. మౌసు అటూ ఇటూ లాగి నాలుగు క్లిక్కులు కొట్టాను. మీటలు కొడుతుంటే డబ్బాలో ఎర్రదీపం మిణుకుమంటుందేమో చూద్దామని గబగబా టైపు చేయడం మొదలుపెట్టాను.

ఏం టైపు చెయ్యాలి? శ్లోకాలు కొట్టొచ్చు, ఎక్కాలు కొట్టొచ్చు. కానీ ఎవరూ చూడని చోట వేళ్ళు మనసు మాటే వింటాయి. ఇంగ్లీషు అక్షరాల్లో, చక్కటి తెలుగులో ఇలా కొట్టాను:

"ఈ లినక్స్ గురించి నాకేమీ తెలియదు. సత్తిబాబుకి ఆ సంగతి తెలియదు."

ఎర్రదీపం మిణుకుమంది. హుషారొచ్చింది.

"మా ఆవిడ ఆవకాయ కంటే మా మరదలి ఆవకాయ బాగుంటుంది. ఈ మాట ఇంట్లో అంటే నాకు అన్నం పుట్టదు."

"పక్కింటి వెంకట్రాజుగారి పనసకాయ పోయింది కదా, ఆ దొంగను నేనే. వెతికిన వాళ్ళకి పెద్దనీ నేనే."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడటం లేదనుకుంటుందట. ఆ పిల్లికి పాలైనా దక్కాయి.

ముందు గదిలోంచి సత్తిబాబు కేక. "రిపేరు జరుగుతోందండీ, మా మాస్టారు చూస్తన్నారండీ!" వెంటనే నాకేసి తిరిగి, "మాస్టారూ, ఈయనెవరో 'మేమూ చూస్తన్నాం, కానివ్వమనండి' అంటన్నారండీ."

"ఓపికతో ఎదురుచూస్తున్నారు పాపం" అన్నాను.

ఫోను పెట్టీ పెట్టగానే మళ్ళీ మోగింది.

"మాస్టారూ! ఎవరో ఆడమనిషండీ. పెద్ద మరదలా, చిన్న మరదలా అని అడుగుతున్నారు."

"ఎవరి మరదలు?"

"మీ మరదలేనంటండీ. ఆవకాయ ఇషయంలో."

ఆవకాయ అన్న మాట నాకూ ఆ కీబోర్డుకూ తప్ప మూడో ప్రాణికి తెలియదు. గోడలకు చెవులుంటాయని విన్నాను గాని కీబోర్డుకు నోరుంటుందని ఎవరూ చెప్పలేదు. ఎండాకాలంలో, ఫ్యాను ముందు, నాకు చలి పుట్టింది.

అప్పుడు గుమ్మంలో సైకిలు ఆగింది. పక్కింటి వెంకట్రాజుగారు. బనీను మీదే వచ్చేశారు.

"మాస్టారూ, ఆ పనసకాయ..."

"ఏ పనసకాయండీ?"

"ఇప్పుడే రాశారు కదండీ, మూడో వరసలో."

"ఎక్కడ?"

"మా టీవీలో. ఆపైన ఆవ పెట్టిన పనసపొట్టు కూర మా ఇంటికే పంపి, అన్నవరం నుంచి వచ్చిన కాయ అన్నారు. బాగుందని మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నానండీ నేను! నా కాయ నాకే!"

ఒక్క గెంతులో ముందు గదిలోకి పోయి ఫ్యాను ప్లగ్గు పీకి టీవీ ప్లగ్గు పెట్టాను. బొమ్మ మెల్లగా వెలిగింది. పైన రత్తమ్మ గేదె. కింద నేను. అక్షరం వణకకుండా, దివ్యంగా.

ఇక్కడ కాస్త విజ్ఞానం చెప్పాలి, ఏమనుకోకండి. ఆ ఆజ్ఞలో ఒక అక్షరం కొడితే బొమ్మ మానిటర్‌కి, ఇంకోటి కొడితే టీవీకి, రెండూ కలిపి కొడితే రెండింటికీ పోతుంది. నేను టీవీ అక్షరం ఒక్కటే కొట్టాను. కంప్యూటర్ నాకు చూపించడం మానేసి ఊరికి మాత్రమే చూపించింది. నాకు చీకటైతే ఊరికీ చీకటే అనుకున్నాను.

పరుగున వెళ్ళి చెరిపే మీట మీద వేలు పెట్టాను. రత్తమ్మ వచ్చి చెయ్యి పట్టేసుకుంది.

"తుడిపేత్తన్నారేంటండీ! నా గేదె పోద్ది!"

"నీ గేదెని కాదు రత్తమ్మా, నన్ను తుడుపుకుంటున్నాను!"

"చీకట్లో కొడతన్నారు, ఏది పోద్దో మీకు మాత్రం తెలుసా? ఉంచండి బాబూ, జనం చూత్తన్నారు!"

సత్తిబాబు ఫోను చేత్తో మూసి, మెరిసే మొహంతో అన్నాడు. "నిజమేనండీ. మన చానల్ ఇంతమంది ఎప్పుడూ చూళ్ళేదండీ. సీరియల్ ఆపి చూస్తన్నారంట. గేదె దొరికేదాకా ఉంచండాయ్."

"నా పరువయ్యా!"

"అది ఎలాగూ దొరకదు కదండీ."

అరగంట గడిచేసరికి ఫోన్లు పలచబడ్డాయి. బయట ఎండ ఎర్రబడుతోంది. రత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు ఆపుకుంటోంది. "జనం లెగిసిపోతన్నారు. ఇంకో రెండు రాయండి బాబూ, మీకు పుణ్యం ఉంటది."

గుమ్మంలోంచి ముందు గది టీవీ చూస్తూ రాశాను. ముందు నా గొప్పలు రాశాను, ఫిజిక్స్‌లో నాకొచ్చిన మార్కులూ అవీ. ఒక్క ఫోను రాలేదు. ఊరు ఊరంతా అబద్ధం వాసన పట్టేసింది. పళ్ళు బిగించి నిజం రాశాను. నిరుడు పుష్కరాల రేవులో మునిగేవాణ్ణి కాపాడానని ఊరంతా చెప్పుకు తిరిగాను కదా, మునిగినవాణ్ణి నేనే. ఫోను గణగణ మోగింది.

మళ్ళీ మోగింది. సత్తిబాబు మొహం మారిపోయింది.

"మాస్టారూ, మీ ఇంటి నుంచండీ. అమ్మగారు."

"ఏమన్నారు?"

"ఏమీ అన్లేదండీ. ఊరుకుని, పెట్టేశారు."

ముప్పై ఏళ్ళ కాపురంలో మా ఆవిడ ఏమీ అనకపోవడం అదే మొదటిసారి. సరే, పాతికేళ్ళే. భయంలో లెక్క పెరిగింది.

పొద్దు సగం దిగాక వచ్చింది ఆ ఫోను. చెరువవతల పాకల వీధి గంగరాజు. అతనికి సొంత మంద ఉంది. సత్తిబాబు ఫోను రత్తమ్మ చెవికి ఆనించాడు. ఆ గొంతు నాకూ వినపడింది.

"నేనసలు మీ చానల్ పెట్టనండీ. మాస్టారి ఆవకాయ గోల చదవమని మా ఆవిడ పిలిస్తే పెట్టాను. పైన చూస్తే గేదె. కుడికొమ్ము వంకర. ఇదెక్కడో చూశానే అనుకుని దొడ్లోకెళ్తే, మా వాటితో కలిసి కుడితి తాగేస్తందండీ! 'లచ్చీ' అన్నాను. తలెత్తింది."

రత్తమ్మ ఫోను వదిలేసి చెరువు వైపు పరుగెత్తింది. ఆ పరుగు చూస్తే, నా గుట్టు ఇంకో రెండు వరసలు రాయాల్సొచ్చినా రాసేవాణ్ణనిపించింది. ఇదిగో, మళ్ళీ గొప్పలకు పోతున్నాను. ఒక్క వరస రాసేవాణ్ణి.

లచ్చి మర్నాడు తెల్లవారుతూనే ఈనింది. పెయ్యదూడ. తల్లీ పిల్లా క్షేమం. రత్తమ్మ మా వీధంతటికీ జున్నుపాలు పంచింది, మా ఇంటికి పెద్ద చెంబుతో. మా ఆవిడ బెల్లం, మిరియాలు వేసి జున్ను వండింది. ఇల్లంతా ఘుమఘుమ. ఒక గిన్నె వెంకట్రాజుగారింటికి, ఒక గిన్నె సత్తిబాబుకి. నేను విస్తరి వేసుకుని కూర్చున్నాను.

"మీరెందుకు కూర్చున్నారు?" అంది.

"జున్ను..."

"మా చెల్లెలు ఇంకా బాగా వండుతుంది. బస్సు ఇప్పుడే ఉంది."

అందుచేత, భీమేశ్వరస్వామి సాక్షిగా, ఫిజిక్స్ సూత్రాల మీద ఒట్టేసి, మీ అందరి ఎదుటా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఆరిపోయిన తెర ముందు కూర్చుని ఈ జన్మలో మళ్ళీ నిజం టైపు చెయ్యను. వెలుగుతున్న తెర ముందైతే ఎలాగూ చెయ్యను.