ఆ జ్వరం ఎవరు తెచ్చారు

మా నాయన కర్నాటకలో మా ఊరి బంగారు గనిలో పని చేసినన్నాళ్ళూ, షిఫ్టు ముగించి పైకి వచ్చిన ప్రతిసారీ గేటు దగ్గర ఆయన ఒళ్ళు తడిమి చూసేవాళ్ళట. జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, నోరు తెరిపించి, బూట్లు దులిపించి మరీ వదిలేవాళ్ళట. ఆయన ఒక్క రవ్వ కూడా ఎప్పుడూ తెచ్చినవాడు కాదు. కానీ గని మూతపడ్డాక ఆ తనిఖీ ఏదో ఆయనలోకి దిగిపోయింది. పాలామె ఎదుటే పాలలో వేలు ముంచి చూస్తాడు. కూరగాయల బండివాడి తక్కెడను కిందికి వంగి పరీక్షిస్తాడు. నేను నర్సు చదివి, బెంగళూరు దారిలో ఉన్న నరసాపురంలో బండ్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఫస్టెయిడ్ గదిలో ఉద్యోగం తెచ్చుకున్నప్పుడు కూడా ఆయన మొహంలో సంతోషం కనిపించలేదు.

"ఆడ నీకేం పని?" అన్నాడు.

"జ్వరమొచ్చినోళ్ళకు మాత్రలిచ్చేది. అవసరమైతే సెలవు చీటీ రాసేది."

"అంటే జ్వరం నిజమా అబద్ధమా అని చూసేదానివి. ఇంగ నువ్వూ గేటుకాడ తడిమేవాళ్ళలో చేరినావు."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా సూపర్‌వైజరు నన్ను చేర్చుకున్న రోజే ఆ మాట వేరే విధంగా చెప్పాడు. పండగల ముందు ఆర్డర్లు ఎక్కువగా ఉంటాయి, సరిగ్గా అప్పుడే అందరికీ తలనొప్పులొస్తాయి, థర్మామీటరు చూడకుండా ఎవరినీ ఇంటికి పంపకు అన్నాడు. కాబట్టి నేను నుదుటి మీద చెయ్యి పెడుతున్నప్పుడు కూడా ఎదుటి మనిషి కళ్ళనే చూడడం అలవాటు చేసుకున్నాను.

అమ్మ పోయాక, గని కూలీలకు వరసగా కట్టించిన లైన్ ఇంట్లో నేనూ నాయనా ఇద్దరమే మిగిలాం. వెనక ఉన్న గదిని మా కంపెనీలోనే పనిచేసే ఒక అమ్మాయికి అద్దెకిచ్చాను. ఆమెది ఒడిశాలో బరంపురం దగ్గర పల్లె. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. తెలుగు వచ్చు, కానీ మా తెలుగు కాదు. ఆ యాసే మా వీధికి మొదటి అనుమానం. తెలుగుపిల్లలా మాట్లాడుతుంది, ఫోనులో ఒరియా మాట్లాడుతుంది, ఏ ఊరని నమ్మాలి అనేది పక్కింటి పెద్దమ్మ. నాయన మాత్రం ఆమె గదిలోకి ఏం తీసుకెళ్తోందో, ఏం బయటికి తెస్తోందో వసారాలో కూర్చుని చూసేవాడు. ఆమె అది గమనించి, కొన్నాళ్ళకు సంచిని తనే తెరిచి చూపించేది.

"ఉల్లిపాయలు, తాతా. ఇంకేటీ లేవు."

ఆ ఏడు వానలకు ముందే నేను నాయనకు ఫ్లూ సూది వేయిద్దామనుకున్నాను. గనిలో పీల్చిన రాతిదుమ్ము ఆయన ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ముందటేడు ఎలాగో ఒప్పించి వేయించాను. ఈసారి మాత్రం చొక్కా చేతిని మడవనివ్వలేదు.

"పోయినేడు పొడిపించుకున్నా కదా. ఆ మందు యాడికి పోయింది?"

"అది కొంచెం తగ్గింటాది నాయనా. పైగా వైరస్సే మారిపోతా ఉంటాది. ఒంట్లోకి పోయి తనలాంటివే లక్షలు లక్షలు చేసుకుంటాది కదా, ఆ తొందర్లో తప్పులు పడతాయి. శానా తప్పులు దానికే పనికిరావు. ఎప్పుడో ఒక తప్పు దాని పైతొడుగును కొంచెం మార్చేస్తాది. మన ఒళ్ళు గుర్తు పెట్టుకునేది ఆ తొడుగునే. అది మారితే గుర్తుపట్టేదానికి ఆలస్యమైతాది."

"సరే. ఈ సూదిలో ఉండేది ఈ ఏటి తొడుగేనని ఎవరు చెప్పినారు?"

"అన్ని దేశాల్లోనూ రోగుల ముక్కుల్లోనించి నమూనాలు తీస్తారు. యాడ ఏ రకం పెరుగుతా ఉండాదో చూసి, రాబోయేది ఇదీ అని ముందే ఎంచుతారు. మందు తయారయ్యేదానికి నెలలు పట్టాల కదా."

"అంటే అంచనా."

"అంచనానే. కానీ చూసి వేసిన అంచనా."

"వాళ్ళ అంచనాకు నా చెయ్యా?" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. నాకు కోపం వచ్చింది గానీ, ఆ ప్రశ్నలో తప్పు కనిపించలేదు. అంచనా తప్పిన సంవత్సరాలు ఉన్నాయని నాకూ తెలుసు. తప్పినా, ప్రాణం మీదికి రాకుండా ఎంతో కొంత కాపాడుతుందని చెప్పేలోపే ఆయన వీధి మలుపు తిరిగాడు.

వానలు పట్టాయి. కంపెనీ బస్సులో కిటికీలన్నీ మూసేవాళ్ళు. తెల్లవారకముందే ఎక్కి, సీట్లలో ఒకరిమీద ఒకరు వాలి నిద్రపోయే మనుషులు, మధ్యమధ్యలో దగ్గు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. మా ఊర్లో దగ్గంటే అందరికీ గుర్తొచ్చేది సైనైడ్ దిబ్బలే. గని పిప్పి గుట్టలుగా పోసిన ఆ దిబ్బల మీదినుంచి గాలి వీస్తే ఊరంతా గొంతు గరగరలాడుతుంది. కానీ వానకు తడిసిన దిబ్బ దుమ్ము లేపదు. అది నాకు తట్టినప్పటినుంచి బస్సులో దగ్గు వినిపిస్తే తల తిప్పి చూడడం మొదలుపెట్టాను.

ఫస్టెయిడ్ గదికి వచ్చేవాళ్ళు పెరిగారు. సూపర్‌వైజరు రోజూ గుమ్మంలో నిలబడి, "నాటకాలు" అనేవాడు. విచిత్రం ఏమిటంటే, ఒళ్ళు నొప్పులని వచ్చినవాళ్ళలో చాలామందికి థర్మామీటరులో ఏమీ కనిపించేది కాదు. కళ్ళు ఎర్రగా ఉండేవి, పెదవులు ఎండిపోయి ఉండేవి, పాదరసం మాత్రం మామూలుగా నిలబడేది. సూపర్‌వైజరు మాట నిజమేనేమో అని నేనూ అనుకున్నాను.

ఒకరోజు మా అద్దె అమ్మాయి మెషీను దగ్గర కూలబడింది. నా గదికి మోసుకొచ్చారు. జ్వరం చూశాను, లేదు. మంచినీళ్ళు తాగిస్తూ, మొహం తుడుద్దామని ఆమె సంచిలో తువ్వాలు కోసం చెయ్యి పెడితే జ్వరం మాత్రల పొట్లం తగిలింది. దాదాపు ఖాళీ.

"ఎప్పుడు వేసుకున్నావు?"

ఆమె పొట్లం లాక్కుని పిడికిట్లో దాచుకుంది.

"నిజం చెప్పు. జ్వరం లేకుండా ఇన్ని మాత్రలెందుకు?"

"బస్సెక్కే ముందు ఒకటి వేసుకుంటానక్కా. అన్నం టైములో ఇంకోటి. మేమందరం అంతే." ఆమె గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించింది. "కాంట్రాక్టోళ్ళం కదా. జొరమని ఇంటికెళ్తే మన జాగాలో ఇంకొకర్ని పెట్టేస్తారు. అందుకే నీకాడికి వచ్చినా జొరం చూపించం. నొప్పికి మాత్ర ఇస్తావని వస్తాం, అంతే."

నేను ఇన్నాళ్ళూ జ్వరం నటించేవాళ్ళను పట్టుకోవడానికి కూర్చున్నాననుకున్నాను. నా ఎదుట వాళ్ళు ఆరోగ్యాన్ని నటిస్తున్నారు. మాత్ర వేడిని దించుతుందే గానీ దగ్గులో వెళ్ళే వైరస్‌ను ఆపదు. ఆ బస్సులో కిటికీలన్నీ మూసే ఉంటాయి.

ఆ సాయంత్రం ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ నాకు ముందే పరిచయం. వానాకాలం జ్వరాలలో కొందరి నమూనాలు బెంగళూరు ల్యాబుకు పంపుతున్నామని చెప్పి, అమ్మాయి ముక్కులోనూ గొంతులోనూ పుల్ల పెట్టి తీసింది.

"ఇది యాడినించి వచ్చింటుంది మేడమ్?" అని అడిగాను.

"ఫ్లూకి ఊరు పేరు ఉండదు సిస్టర్. చలిదేశాల్లో చలికాలంలో లేస్తుంది. అక్కడ చలి తగ్గేసరికి భూమి కింది సగంలో చలి మొదలవుతుంది, అక్కడికి పోతుంది. మనలాంటి చోట పూర్తిగా ఎప్పుడూ పోదు. వానల్లో ఒకసారి, సంక్రాంతి దాటాక ఇంకొకసారి తలెత్తుతుంది. ఇక్కడినించి రోజూ పొద్దున ఎంతమంది రైల్లో బెంగళూరు పోయి వస్తారు? అక్కడ విమానాలు దిగేవాళ్ళెంతమంది? శ్రీనివాసపురం మామిడి మండికి ఎక్కడెక్కడి వ్యాపారులు వచ్చిపోయారు? ఎవర్నని అంటాం?"

మా వీధికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. ఎవర్ననాలో వాళ్ళకు తెలుసు. అమ్మాయి గదిలో పడుకుని దగ్గడం మొదలుపెట్టిన మర్నాడే పక్కింటి పెద్దమ్మ వీధి కుళాయి దగ్గర అందరికీ వినబడేలా చెప్పింది.

"ఆ పిల్ల ఊరికి పోయి వచ్చినాకనే ఇదంతా. ముందు యాడ ఉండాది ఈ జ్వరం? పాపా, నువ్వు నర్సువి, నీకు తెలీదా? ముసలాయన్ని ఇంట్లో పెట్టుకోని ఇట్లాంటోళ్ళను ఎట్లా పెట్టుకుంటావు?"

కుళాయి దగ్గర ఆ అమ్మాయి బిందెకు ఎవరూ చోటివ్వలేదు. నేను నీళ్ళు పట్టిచ్చాను గానీ, ఆమె గది తలుపు దగ్గర పెట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. అది నర్సుగా చేసిన పనా, వీధిమనిషిగా చేసిన పనా అని ఎవరైనా అడిగితే చెప్పలేను.

ఆమె లేచి తిరుగుతుండగా నాయన మంచాన పడ్డాడు. చలితో మొదలై, సాయంత్రానికల్లా ఒళ్ళు కాలిపోయింది. తెల్లారేసరికి ఊపిరి పీలుస్తుంటే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది. ఆటోలో ఎక్కిస్తుంటే నా మణికట్టు పట్టుకుని ఒకే మాట అన్నాడు.

"ఆ పిల్లను పంపించెయ్."

ఆమె వసారా స్తంభం పక్కనే నిలబడి ఉంది, ఆటోలో ఆయన ఆనుకోవడానికి దిండు పట్టుకుని. దిండు లోపల పెట్టి పక్కకు తప్పుకుంది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ ఆయన ముక్కులోకి పుల్ల పెట్టబోతే నాయన మాస్కు పక్కకు జరిపి మరీ అడిగాడు.

"ఇది యాడికి తీసుకుపోతారు?"

"బెంగళూరు ల్యాబుకు తాతా. అవసరమైతే అక్కణ్ణుంచి ఇంకా పెద్ద ల్యాబులకు."

"ఈ ఊరి బంగారమంతా తీసుకుపోయినారు. ఇంగ చీమిడి కూడానా?"

పక్క మంచంమీది రోగి నవ్వబోయి దగ్గులో పడ్డాడు. డాక్టరమ్మ నవ్వలేదు. "ఈసారి సూదెందుకు వేయించుకోలేదు?" అని మందలిస్తూనే పని కానిచ్చింది. నాయన కళ్ళు మూసుకున్నాడు. మూసిన ఆ కళ్ళను చూస్తూ నేను చాలా భయపడ్డాను. రాతిదుమ్ముతో సగం మూసుకుపోయిన ఊపిరితిత్తులు, వాటిమీద ఈ జ్వరం. ఆ మంచం పక్కన స్టూలుమీద కూర్చుని, ఎవరిమీదైనా కోపం తెచ్చుకోవాలని నాకూ అనిపించింది. ఆ అమ్మాయి మొహమే ముందుకు వచ్చింది.

నాయన బతికాడు. వైరస్ మందు పనిచేసిందో, మొండితనమే పనిచేసిందో, మెల్లగా ఆక్సిజన్ తీసేశారు. ఇంటికి తీసుకొచ్చేసరికి వెనక గది ఖాళీగా ఉంది. తాళంచెవి కిటికీలో ఉంది. నరసాపురంలో ఆడపిల్లల హాస్టలుకు మారిపోయిందని బస్సులో చెప్పారు.

ఆ తర్వాత కొద్ది రోజులకు నేను డ్యూటీలో ఉండగా డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"సిస్టర్, ఆ రెండు రిపోర్టులూ వచ్చినాయి. అమ్మాయిది ఇంగ్లీషు 'ఏ' రకం. మీ ఫాదర్‌ది 'బీ' రకం."

"అంటే?"

"రెండూ ఫ్లూలే, కానీ రెండు వేరే వంశాలు. 'ఏ' ఎన్నేళ్ళు మారినా 'ఏ'నే, 'బీ' కాదు. ఈ వానల్లో రెండూ కలిసి తిరుగుతున్నాయి. ఆ అమ్మాయి ఫ్లూ మీ ఫాదర్‌కు అంటలేదు. ఆయనకు వేరే ఎవరినుంచో వచ్చింది."

ఆ సాయంత్రం నాయనకు చెప్పాను. ఆయన దిండుకు ఆనుకుని రాగి గంజి తాగుతున్నాడు. గిన్నె దించాడు.

"సీసాలు మారిపోయిండొచ్చు."

"మారలేదు నాయనా."

"నువ్వు చూసినావా?"

ఆయన కిటికీలోంచి వెనక గది వైపు చూస్తూ గిన్నె అంచు తడిమాడు.

"సామానంతా తీసుకుపోయిందా?"

"ఒక బకెట్టు మిగిలుండాది."

"పోయి ఇచ్చిరా. వస్తానంటే రమ్మను."

మరుసటి వారం సెలవు రోజున నీలం బకెట్టు ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళాను. హాస్టలు గేటు దగ్గరికి ఆమె తడి జుట్టుతో వచ్చింది. కొంచెం చిక్కింది. రిపోర్టు సంగతి చెబుతుంటే కింది పెదవి కొరుక్కుంటూ వింది.

"తాతకి నేనివ్వలేదన్నమాట."

"లేదు."

"మరి నాకెవరిచ్చారంట?"

"అది రిపోర్టులో రాదు."

ఆమె నవ్వింది. "మొన్న రథయాత్రకి ఇంటికెళ్తే మా ఊర్లో ఏటన్నారో తెల్సా అక్కా? కర్నాటకా ఫేక్టరీలోంచి వచ్చినోళ్ళే జొరాలు తెస్తన్నారని మా పిన్నే నన్ను వసారాలో పడుకోబెట్టింది."

"నాయన నిన్ను రమ్మన్నాడు," అన్నాను.

ఆమె బకెట్టు అందుకుని, పిడి సరిగ్గా ఉందో లేదో ఆడించి చూసుకుంది.

"వద్దులే అక్కా. ఇక్కడ గదికి ఎనిమిదిమందిమి. అందరం దగ్గుతాం. ఎవర్నీ ఎవరూ అడగరు."

తాతకి గంజిలో మిరియాలు వెయ్యమని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. నేను కంపెనీలో జ్వరం లేకపోయినా దగ్గు, ఒళ్ళు నొప్పులు ఉంటే చాలు, మాత్ర ఎప్పుడు వేసుకున్నారో అడిగి సెలవు చీటీ రాయడం మొదలుపెట్టాను. సూపర్‌వైజరు రెండుసార్లు పిలిచి మాట్లాడాడు. సెలవు తీసుకున్నవాళ్ళలో కొందరిని మళ్ళీ పిలవలేదు కూడా. దాంతో నా గదికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. జ్వరాలు తగ్గాయో, దాచడం పెరిగిందో తెలుసుకునే దారి నాకు లేదు.

రిపోర్టు సంగతి కుళాయి దగ్గర నేనే అందరికీ చెప్పాను, పెద్దమ్మకు ప్రత్యేకంగా చెప్పాను. 'ఏ', 'బీ' అని రెండు వేళ్ళు చూపించి వివరించాను. ఆమె బిందె నిండేదాకా శ్రద్ధగా వింది. కుళాయి కట్టేసి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"సరే పాపా. ఆ పిల్ల తేలేదు. మీ నాయన గడప దాటి ఎక్కువ పోడు. ఇంగ ఆ ఇంటికి రోజూ బయటినించి వచ్చేది ఎవరు?"

నేను ఆమె మొహం చూశాను. ఆమెకు నామీద కోపమేమీ లేదు. లెక్క తేలక నిజంగానే అడుగుతోంది.

"దినమంతా జ్వరమోళ్ళను తాకేది నువ్వే కదా," అంది.

నాకు ఆ వానల్లో జ్వరం రాలేదు. గొంతు మాత్రం ఒక రెండు రోజులు గరగరలాడింది. ఫ్లూ కొందరిలో అంతకంటే పెద్ద శబ్దం చేయకుండానే వచ్చి పోతుందని నేను చదువుకున్నాను. పెద్దమ్మకు అది చెప్పలేదు. ఆమె బిందె నడుముకెత్తుకుని ముందు నడుస్తుంటే, నేను కొంచెం దూరంగా, వెనక నడిచాను.