అమ్మ ఉన్న మూగ సినిమా

అమ్మ పోయేనాటికి నాకు రెండేళ్లు. ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటే ఉంది. పెళ్లినాటిది, అందులో తల వంచుకొని ఉంటుంది. కానీ అమ్మ ఒక సినిమాలో కూడా ఉందని బాపు చెప్పేవాడు. నాన్నను నేను బాపు అనే పిలుస్తాను.

బాపు లింగాల ఘనపూర్ బడిలో పంతులు. ఆయన రాసి ఆడించిన నాటకంలో, భూమిని అమ్మేది లేదని దొరకు ఎదురుతిరిగే ఆడమనిషి వేషం అమ్మది. ఆడవేషాలు మగవాళ్లే కట్టే రోజులవి, అయినా అమ్మే కట్టింది. బడిలోనే పనిచేసే డ్రాయింగు సారు దగ్గర చిన్న కెమెరా ఉండేది. అందులో బొమ్మ పడుతుంది, మాట పడదు. ఆయన ఆ నాటకాన్ని పొలాల్లో మళ్లీ ఆడించి సినిమా తీశాడు. బడి గోడమీద రెండుసార్లు వేశారట. తర్వాత సారుకు జనగామకు బదిలీ అయింది, రీలు ఆయనతోనే పోయింది.

నిరుడు బాపు చూపు తగ్గడం మొదలైంది. "జర దాన్ని దొరకబట్టు బిడ్డా. కండ్లు పోకముందే ఒక్కసారి చూస్త" అన్నాడు.

జనగామలో సారు పాత ఇంటి పక్కవాళ్లను అడిగాను. ఆయన పోయి చాలా ఏళ్లయిందని, కూతురు మహబూబాబాద్‌లో ఉందని చెప్పారు. అక్కడికి పోతే ఆమె, "నాయిన పెట్టెలన్ని తమ్ముడే తీస్కపోయిండు చెల్లె" అని భూపాలపల్లి చిరునామా రాసిచ్చింది. ఆఫీసు లేని ఆదివారాల్లోనే ఈ తిరుగుడంతా. బస్సుల్లో నిలబడి మోకాళ్లు వాచాయి. మూడో ఊరు చేరేసరికి ఆశ కన్నా అలసటే ఎక్కువగా ఉంది.

సారు కొడుకు బొగ్గుగనిలో పనిచేసి రిటైరయ్యాడు. మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. రీలు గురించి అడిగాను.

"ఉండె చెల్లె. ఇల్లు కురిసి, చెమ్మకు రీలంత అతుక్కపోయింది. ఇల్లు మారేటప్పుడు నేనే పారేసిన. ఎవలన్న గిట్ల వస్తరని నాకేం ఎరుక?"

కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు నాకు.

"నువ్వు చూసినవా అన్నా?" అని అడిగాను.

"చిన్నప్పుడు చూసిన. మీ అమ్మ దొర ముంగట నిలబడి గట్టిగ ఏదో అంటది. ఏమన్నదో వినరాదు గద. మధ్యల నవ్వాపుకోలేక కొంగు నోట్లె కుక్కుకున్నది. నాయిన అది తీసెయ్యలే, అట్లనే ఉంచిండు."

అమ్మ నవ్వడం గురించి అంతవరకూ నాకెవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి బాపుకు ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వు సంగతి చెప్పినప్పుడు మాత్రం తల ఎత్తాడు.

"దొర వేషం నాదే. ఎండకు నా పెట్టుడు మీసం ఊడివడ్డది. గందుకే నవ్వింది" అన్నాడు.

అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొయ్యి ముట్టించాల్సిన వేళయింది. నాకు లేవబుద్ధి కాలేదు, ఆయన మంచం పక్కనే కాళ్లు చాపుకొని కూర్చుండిపోయాను.