మేస్త్రీ వేలికి అంటని దుమ్ము

హిందూపురంలో మా వెనకింటి మేస్త్రీ మొన్న మంగళవారం ఉదయం ఆరున్నరకు గుండెపోటుతో చనిపోయారు. మధ్యాహ్నం నమాజు తర్వాత ఖననం జరిగింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది వేరుశనగ రైతులు, ట్రాక్టర్ డ్రైవర్లు. ధర్మవరం నుంచి పట్టుచీరల వ్యాపారి ఒకాయన కూడా వచ్చి, చివరిదాకా నిలబడ్డాడు. ఆయనకు మేస్త్రీతో ఏం పని అని చాలామంది అడిగారు. నేను చూసినంతవరకు చెబుతాను.

తొంభైలలో మేస్త్రీ పని వేరుశనగ నూర్పిడి మిషన్ల ఇంజన్లు బాగుచేయడం. కోతల కాలంలో ఆయన షెడ్డు ముందు మిషన్లు వరుసగా నిలిచేవి. ఏ ఇంజన్ వచ్చినా మొదట గాలి లోపలికి పోయే పైపు విప్పేవారు. “ఇంజన్ ఊరికే చావదప్పా, దుమ్ము తిని చస్తాది,” అనేవారు. ఫిల్టర్ బాగుచేశాక దాని వెనక పైపు లోపల గ్రీజు పూసి, అరగంట మిషన్ నడిపించి, తర్వాత గ్రీజు మీద వేలు రాసి చూసేవారు. వేలికి గరుకు తగిలితే దుమ్ము ఫిల్టర్ దాటినట్టే, మిషన్ ఇచ్చేవారు కాదు. రైతులు విసుక్కునేవారు. ఆయన టీ తెప్పించి కూర్చోబెట్టేవారు.

రెండువేల సంవత్సరం దాటాక ఆ వ్యాపారి తన క్వాడ్‌ను లారీలో వేసుకుని వచ్చాడు. నాలుగు లావు టైర్లు, మోటార్ సైకిల్ హ్యాండిల్ ఉన్న బండి అది. మట్టిలో పందేలకే పనికొస్తుంది. అంతకుముందు పందెంలో ఇంజన్‌లోకి దుమ్ము పోయి సిలిండర్ గీసుకుపోయింది. కొత్తది విదేశం నుంచి రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఇంకోసారి ఇంజన్ పోతే బండి అమ్మేయాలని ఇంట్లో గట్టిగా చెప్పేశారు. మూడు వారాల్లో పెనుకొండ దగ్గర పందెం ఉంది.

అతని చేతిలో బెంగళూరులో కొన్న కొత్త ఫిల్టర్ ఉంది. గరాటు ఆకారం, చుట్టూ డబ్బా లేదు.

“మేస్త్రీ, బెంగళూరోళ్లంతా డబ్బా పీకేసి ఇదే పెడ్తాండారు. గాలి బాగా వస్తాది.”

“గాలి వస్తాది సరే అబ్బా, గాలెంబడి వచ్చేదాన్ని ఎవురు ఆపేది?”

మాటతో తేల్చడం ఆయన పద్ధతి కాదు. మట్టిదారిలో ముందు ట్రాక్టర్ నడిపించి, దాని దుమ్ములో వెనకాలే క్వాడ్ నడపమన్నారు. పైపులో గ్రీజు పూశారు. బెంగళూరు ఫిల్టర్‌తో వేలికి ఇసుక అంటింది. బండితో వచ్చిన డబ్బా, అందులోని స్పాంజి ఫిల్టర్ మళ్లీ పెడితే గ్రీజు శుభ్రంగా ఉంది గానీ వేగం అందుకోగానే బండికి ఊపిరాడలేదు. అప్పుడు డబ్బా ఉంచి మూతకు మాత్రం రంధ్రాలు చేశారు. లోపల రెండు పొరల స్పాంజి పెట్టారు. దానిపైన తొడగడానికి సన్నని నైలాన్ గుడ్డతో సంచి కుట్టమని కూతురికి చెప్పారు. వ్యాపారి పట్టుగుడ్డ తెస్తానన్నాడు.

“ఇది పందెం బండియా, పెండ్లి బండియా?” అన్నారు మేస్త్రీ.

అయినా మొదటిరోజు నడిపి చూస్తే బండి పొగ కక్కి ఆగిపోయింది. తప్పు ఆయనదే. నూర్పిడి మిషన్ ఫిల్టర్ అడుగున నూనె నిలవ ఉంచడం అలవాటు. అదే పద్ధతిలో స్పాంజిని నూనెలో నానబెట్టేశారు. అది గాలిని కూడా ఆపేసింది. చూడ్డానికి వచ్చినవాళ్లు, చెనిక్కాయల మిషన్ల మేస్త్రీకి పందెం బండి ఎందుకని నవ్వారు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. “నిజమే. మిషన్ బుద్ధి నన్ను ఇడ్సలేదు,” అని స్పాంజి తీసి కడిగారు. పందెం ముందురోజు సాయంత్రమే తగినంత నూనె పట్టించి, మెల్లగా ఒత్తి, రాత్రంతా ఆరనివ్వాలని అప్పుడే తేల్చుకున్నారు. మెలితిప్పి పిండితే చిరుగుతుందని కూతురికి ప్రతిసారీ చెప్పేవారు. గాలి పెరిగింది కాబట్టి కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే జెట్ కూడా పెద్దది వేశారు.

పెనుకొండ కొండ కింది బీడులో పందెం పదిహేను చుట్లు. సగం అయ్యేసరికి వ్యాపారి నాలుగో స్థానంలో ఉన్నాడు. ముందున్న ఇద్దరి బండ్లు దుమ్ముతో ఆగిపోయాయి. రెండో స్థానంలో ముగించాడు. అందరూ కప్పు దగ్గరికి పోతే మేస్త్రీ బండి దగ్గరికి పోయారు. పైపు విప్పి, వేలు పెట్టి, తీసి ఎండలో చూసుకున్నారు. వేలి మీద గ్రీజు తప్ప ఏమీ లేదు.

“రెండోది వచ్చినందుకు బాధపడతాండావా మేస్త్రీ?” అని వ్యాపారి అడిగాడు.

“మొదటోని ఇంజన్ రేపు యాడ ఉంటాదో కనుక్కో. నీది ఈడే ఉండాది.”

కాసేపటికి గెలిచిన బండి మెకానిక్ తనే వచ్చి, డబ్బా మూత తీసి చూపించమని అడిగాడు. మేస్త్రీ చూపించారు. సంచి కుట్టింది తన కూతురని రెండుసార్లు చెప్పారు. ఆయన ఒక మాటను రెండుసార్లు చెప్పడం నేను వినడం అదొక్కసారే. ఆ ఇంజన్ అప్పటినుంచీ పందేలకు పోతూనే ఉంది. దుమ్ము కారణంగా ఒక్కసారీ విప్పలేదు.

ఖననం అయ్యాక వ్యాపారి షెడ్డు దగ్గరికి వచ్చాడు. బండి ఇక బెంగళూరుకు పంపిస్తాడేమో అనుకున్నాం. ఆయన మేస్త్రీ కూతురిని అడిగాడు: “అమ్మా, బండి ఎప్పుడు తెమ్మంటావు?”

ఆమె షెడ్డు కిటికీలోని గ్రీజు డబ్బా అందుకుని మూత తీసి చూసింది. “శుక్రవారం తెండి, అన్నా,” అంది.

ఈ ఆదివారం పెనుకొండలో పందెం ఉంది. శనివారం సాయంత్రం ఆమె స్పాంజికి నూనె పట్టిస్తుంది. ఆదివారం పందెం ముగిశాక పైపు విప్పి వేలు పెట్టి చూడాల్సింది కూడా ఆమే.