బొగ్గు మేడం దిద్దిన కాలు

ఆర్ట్ కాలేజీలో ఆమెను అందరూ బొగ్గు మేడం అనేవారు. బొగ్గుముక్కతో మనిషి బొమ్మ గీయడం నేర్పడం ఆమె పని. వేళ్ల సందుల్లో నలుపు సెలవురోజు కూడా వదిలేది కాదు. పిల్లల బొమ్మలో తప్పు కనిపిస్తే నెమ్మదిగా చెప్పడం ఆమెకు చేతకాదు. ఆ కాగితం మీదే బర్రున ఒక గీత లాగి, "బరువు ఏ కాలి మీదుంది? కళ్లు పెట్టి చూడు!" అనేది.

ఆమె తోడికోడలూ అక్కడే టీచరు. మాటలు టైపు చేసి కంప్యూటరు చేత బొమ్మలు వేయించే ఏఐ క్లాసు చిన్నావిడది. ఒకే వంటింట్లో ఏళ్లుగా రాని పేచీ, కాలేజీలో ఒక్క పిల్ల దగ్గర వచ్చింది. బొగ్గు మేడం మూడేళ్లు తిట్టి, దిద్ది, కన్నకూతురికన్నా ఎక్కువగా చూసుకున్న పొడుగుజడ పిల్ల, చివరి ఏడాది ప్రాజెక్టుకు చిన్నావిడ దగ్గర చేరింది. ఏరు దాటి తెప్ప తగలేసిందని బొగ్గు మేడం కడుపు రగిలిపోయింది. అయినా ఆ పిల్ల మళ్లీ తన గదికి వస్తుందేమోనని ఏ అడుగుల చప్పుడైనా తలెత్తేది. ఎవరైనా కదిపితే మాత్రం, "ఎవరిష్టం వాళ్లది, నాకేంటి" అనేది. నమ్మినవాళ్లు లేరు.

మార్కులు వేయడానికి ముందురోజు, వంకలు వెతికి తృప్తి పడదామనే హాల్లోకి వెళ్లింది. గోడకు ఆ పిల్ల ప్రింటు. బస్సు కోసం నిలబడ్డ ముసలామె, నిలువెత్తు బొమ్మ. వెలుగు, బట్టల మడతలు, ముఖం మీద ముడతలు అన్నీ బాగున్నాయి. ఈర్ష్యతో కళ్లు మండాయి. అప్పుడు కాలు కనిపించింది. ముసలామె నిలబడలేదు, వేలాడుతోంది. బరువు మోయాల్సిన కాలు నేలకు ఊరికే ఆనుకుని ఉంది. ఇది పరీక్షకు పెట్టిన బొమ్మ అని తోచేలోపే, అలవాటుపడ్డ చెయ్యి బొగ్గుముక్కతో నడుము నుంచి మడమ దాకా నల్లటి గీత లాగేసింది.

"అయ్యో అక్కా, ఏం చేశావ్!" అంటూ వచ్చింది తోడికోడలు. వెనకే ఆ పిల్ల.

బొగ్గు మేడం చేతిలోని బొగ్గుముక్క కింద పెట్టేసింది. "తప్పు నాదే. మార్కులు తగ్గితే ప్రిన్సిపాలుకి నేనే చెప్తాను."

పిల్ల ఆ మాట వినిపించుకోనేలేదు. "అమ్మయ్య! ఆ కాలు సంగతి కంప్యూటరుకెలా చెప్పాలో తెలీక వారం నుంచి చస్తున్నా మేడం" అంటూ ఫోను తీసి గీతను ఫొటో కొట్టింది. "ఇది చూపిస్తే పట్టేస్తుంది."

పట్టేసింది. మర్నాడు కొత్త ప్రింటులో ముసలామె నేల మీద గట్టిగా నిలబడింది. మార్కులు వేసేవాళ్లు ఆ కాలినే మెచ్చుకుంటే, చిన్నావిడ సిగ్గుపడుతూ నవ్వింది. సొమ్మొకడిది, సోకొకడిది. ఎందరో పిల్లలు ఏడ్చి ఏడ్చి నేర్చుకున్న విద్యను, ఆ యంత్రం ఒక్క తిట్టు కూడా తినకుండా నేర్చేసింది.

సాయంత్రం బొగ్గు మేడం గదిలోకి పొడుగుజడ పిల్ల వచ్చింది, చంకలో ప్రింట్ల చుట్టతో.

"ప్రదర్శనకి ఇంకా ఐదు బొమ్మలున్నాయి మేడం. చేతులు అస్సలు కుదరట్లేదు. కాస్త గీసిస్తారా? దానికి చూపించాలి."

తన కోసం రాలేదు, దాని కోసం వచ్చింది. పొమ్మందామనుకుంది. చెయ్యి అప్పటికే బల్ల మీద చోటు సర్దుతోంది.

"ఒకటి ఇక్కడ పెట్టు" అంది బొగ్గు మేడం. "మిగతావి తీసుకెళ్లు. రోజుకొకటి తీసుకురా."