బండిని పొగడకూడదు

మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఎవరి బండినీ ఎవరూ పొగడకూడదు.

ఆదివారం పొద్దున ఆటోనగర్‌లో ఒక లేతు షెడ్డు షట్టరు సగం పైకి లేస్తుంది. ఆ సందులోంచి వంగి లోపలికి వెళ్ళే మనుషులం ముగ్గురం, మా వెనక మూడు పాత మోటారు సైకిళ్ళు. కలిసిన వెంటనే ఒకరి బండిని ఇంకొకరు తిట్టాలి. మాకు అదే నమస్కారం. తిట్టకుండా లోపలికి వచ్చినవాణ్ణి ఒంట్లో బాగాలేదా అని అడుగుతాం.

షెడ్డు మాలో పెద్దాయనది. వారమంతా లారీల సామాను లేతు మీద తిప్పుతాడు, ఆదివారం మా బండ్ల కోసం తెరుస్తాడు. ఆయన్ని మేమిద్దరం అన్నా అంటాం. రెండోవాడు చల్లపల్లివాడు, నా ఈడువాడు, కాలువల ఆఫీసులో పనిచేసి దిగిపోయాడు. మొదటి ఆరాధన అవగానే చర్చి నుంచి నేరుగా వచ్చేవాడు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో. ఆ చొక్కా తెల్లగా ఉన్నంతసేపే భక్తి అని అన్న అనేవాడు. మూడోవాణ్ణి నేను. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. సంధులు విడదీయడం తప్ప నాకు వేరే పని రాదు. ఇంజను కూడా అలాగే విడదీస్తాను, కలపడం మాత్రం అన్న వంతు. మా ఇంట్లో ఒకసారి "కిక్కు కోసం ఆటోనగర్ వెళ్తున్నా" అన్నాను. ఆ మాటకు చాలా రోజులు వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

చల్లపల్లివాడి బండికి మేం పెట్టిన పేరు కోళ్ళగంప. వాళ్ళ ఊళ్ళో ఒక మూతపడ్డ రైసుమిల్లు వెనక పడి ఉండగా దొరికింది. పనిముట్ల డబ్బా మూత తీస్తే లోపల కోడి పొదుగుతోందట. పిల్లలు బయటికొచ్చేదాకా ఆగి, అప్పుడు బండిని ఎత్తుకొచ్చాడు. కొన్ని ఏళ్ళు పట్టింది దాన్ని నిలబెట్టడానికి. బజారులో దొరికే నకిలీ సామాను ఒక్క నట్టు కూడా వేయనిచ్చేవాడు కాదు. అసలు సామాను కోసం ఏలూరు, తెనాలి, బందరు పాత ఇనుప కొట్లన్నీ తిరిగాడు. ఇంత చేసినా ఆదివారం షట్టరు కింద తల పెట్టగానే అన్న అడిగే మాట ఒకటే.

"ఏరా, గుడ్డు పెట్టిందా?"

"పెట్టింది. నీ బండి పొగకి అక్కడే ఉడికిపోయింది" అనేవాడు వీడు. తరవాత నా వైపు తిరిగేవాడు. "నీదేంట్రా, తోసుకుంటూ వచ్చావా? దాన్ని స్టాండు మీద నుంచి దించకు. స్టాండు ఒక్కటే గట్టిగా ఉంది అందులో."

"తుప్పే కదా, పట్టనీ" అనేవాణ్ణి నేను. "నన్నింకెవరూ పట్టించుకోవడం లేదు."

"వీడి జోకులకి ఆయిలు మార్చాలన్నా."

ఇదే మా మాటల తీరు. బయటివాళ్ళు వింటే కొట్టుకుంటారేమో అనుకునేవాళ్ళు.

పొగడ్తకు ఒకే ఒక్క సందర్భం ఉంది. ఎవరైనా బండి అమ్మదలచుకుంటే, బేరగాడు వచ్చిన రోజున మిగతావాళ్ళం పక్కన నిలబడి పొగడాలి. అన్న ఒకసారి తన రెండో బండి అమ్మినప్పుడు నేను మాటలు పోగేసి, "ఇది బండి కాదండీ, వెన్న" అన్నాను. బేరగాడు ఇంజను కింద చెయ్యి పెట్టి చూసుకుని, వేళ్ళు నాకు చూపించి, "అవునండీ, కారుతోంది" అన్నాడు. అయినా తీసుకున్నాడు. అందుకని మా మధ్య పొగడ్త అంటే ఒకటే అర్థం, ఆ బండి ఇక ఇక్కడ ఉండదని.

మా బండ్లన్నీ ఒకే కాలానివి. కిక్కు కుడి కాలికే, గేరు కుడి కాలికే, సైలెన్సరూ కుడివైపే. ముగ్గురికీ కుడి పిక్క మీద సైలెన్సరు కాల్చిన మచ్చ ఉంది. సంఘం సభ్యత్వం కార్డు అని చెప్పుకునేవాళ్ళం.

చల్లపల్లివాడికి రెండో మచ్చ చీలమండ దగ్గర పడింది. ఆ వేసవిలో కరకట్ట మీద అవనిగడ్డ దాకా వెళ్ళొచ్చి, షెడ్డులో చెప్పు విప్పేదాకా కాలిందని వాడికే తెలియలేదు. షుగరు ఉన్న కాలు. చర్మం లేచిపోయి ఉంది.

"చుర్రుమనలేదా?" అన్నాడు అన్న.

"నా కాలు వీడి బండి లాంటిది. కబురు పైకి చేరడానికి టైము పడుతుంది."

అందరం నవ్వాం. డబుల్ మెంబర్‌షిప్ అన్నాను నేను. ఆ పుండు మానలేదు. వానలు మొదలయ్యేసరికి గవర్నర్‌పేటలో ఒక ఆస్పత్రిలో చేర్చారు. మొదట వేళ్ళు అన్నారు, తరవాత పాదం అన్నారు. చివరికి మోకాలి కింద నుంచి తీసేశారు, పిక్క మీది మచ్చతో సహా.

నేనూ అన్నా చూడటానికి వెళ్ళాం. దారిలో ఏం మాట్లాడాలో అనుకుంటూనే వెళ్ళాం, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అదంతా పోయింది. వాళ్ళావిడ కుర్చీలు జరిపి కాఫీ తెస్తానని వెళ్ళింది. దుప్పటి కింద ఒకవైపు ఎత్తుగా ఉంది, ఇంకోవైపు చదునుగా ఉంది. అటు చూడకూడదని ఇద్దరం ఫ్యాన్ వైపు చూస్తున్నాం. ఫ్యాన్ గురించి ఎంతసేపని మాట్లాడతాం.

వాడే అడిగాడు. "షెడ్డులో బండి ఎలా ఉందన్నా?"

అడిగిందే చాలు అన్నట్టు అన్న గొంతు సవరించుకున్నాడు. పాపం, ఏదైనా మంచి మాట చెప్పాలనుకున్నాడు. "బంగారంలాంటి బండిరా అది. మొన్న తుడిచాను. అటువంటి ఇంజను ఈ చుట్టుపక్కల లేదు."

మాట బయటికి వచ్చాక గానీ ఏమన్నాడో ఆయనకు తెలియలేదు. నాకు తెలిసింది. నేను సర్దబోయి, "అవును, మంచి బండి" అన్నాను. జీవితమంతా మాటలతో బతికినవాణ్ణి, అక్కరకు వచ్చిన మాట అది.

వాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరవాత గోడ వైపు తిరిగాడు.

"ఎవరొస్తున్నారు?"

"ఎవరు?" అన్నాడు అన్న.

"బేరానికి. ఎవరో వస్తున్నారు కదా, అంత పొగుడుతున్నారు."

అలాంటిదేమీ లేదని ఇద్దరం ఒకేసారి చెప్పాం. అలా ఒకేసారి చెప్పడం ఇంకా చెడ్డగా వినిపించింది. కాఫీలు వచ్చాయి. వాళ్ళావిడ ఉన్నంతసేపు పుండు గురించీ కట్ల గురించీ మాట్లాడాం. ఆమె గ్లాసులు తీసుకుని వెళ్ళాక వాడు గోడతోనే అన్నాడు.

"కాలు తీసేసిన రోజున కూడా నర్సుతో జోకులేశాన్రా. ఇవాళ మీరు మాట్లాడుతుంటే భయమేసింది."

షెడ్డుకు తిరిగివచ్చాక అన్న చాలాసేపు ఏ పనీ ముట్టుకోలేదు. తరవాత కాగితం మీద బొమ్మ గీశాడు. గేరు చేత్తో వేసుకునేలా ఒక రాడ్డు, పక్కన తొట్టి తగిలిస్తే బండి పడకుండా మూడో చక్రం. మర్నాడే పట్టుకెళ్ళి చూపించాడు. వాడు బొమ్మను తిప్పి తిప్పి చూసి, "బాగా గీశావన్నా" అన్నాడు. మళ్ళీ పొగడ్త. "కానీ అన్నా, అది ఆటో అవుద్ది. నట్టు కూడా మార్చనివ్వలేదు దానికి. ఇప్పుడు నాకు కాలు లేదని దానికి చక్రం అతికిస్తానా?"

అమ్ముదామని చివరికి వాడే అన్నాడు. ఉంచుకుంటే రోగిని చూడటానికి వచ్చినట్టుగా వారం వారం బండిని చూడటానికి వస్తానని, అది తనవల్ల కాదని చెప్పాడు. బేరం కైకలూరు వైపు చేపల చెరువులాయనతో కుదిరింది. ఇలాంటి బండ్లంటే ఇష్టమున్న మనిషి, మాట మెత్తన. ఆయన వచ్చిన రోజున వాడు ఆటోలో చంకకర్రలతో వచ్చాడు. లేతు పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాం. అదే తెల్ల చొక్కా. ఆ రోజు ఆదివారం కాదు.

చెరువులాయన బండి చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని చూసి, లేచి మమ్మల్ని అడిగాడు.

"ఎలాంటి బండండీ ఇది?"

మా వంతు వచ్చింది. ఆచారం ప్రకారం ఇప్పుడు పొగడాలి. అన్న స్పానర్లు వేలాడదీసిన మేకుల వైపు చూస్తున్నాడు. నేను టీ గ్లాసులోకి చూస్తున్నాను. వెన్న అని పొగిడిన నోరు ఇదే.

చివరికి వాడే చెప్పాడు. నెమ్మదిగా, ఆఫీసులో కొత్తగా వచ్చినవాడికి కాలువ చూపించినట్టు చెప్పాడు. "మంచి బండండీ. గట్ల మీద బురదలో నన్నెప్పుడూ దించలేదు. వానొస్తే ముందు నేనే ఆగేవాణ్ణి, అది ఆగేది కాదు. పులిగడ్డ దగ్గర ఒకసారి నిద్రమత్తులో ఉన్నాను. నా కాలు గేరు మరిచిపోతే అదే గుర్తుచేసినట్టు దడదడలాడింది. అందులో ఉన్న సామానంతా అసలుదండీ. మీరూ అలాగే ఉంచండి." కొంచెం ఆగి, "వానాకాలంలో పనిముట్ల డబ్బా తెరిస్తే కోడి వాసన వస్తుంది. దానికి మందు లేదు" అన్నాడు.

చెరువులాయన నవ్వాడు. జోకనుకున్నాడు. "ఒక్కసారి స్టార్టు చేసి చూపిస్తారా?"

సొంతదారు ఉండగా ఇంకొకరు కిక్కు కొట్టకూడదన్నది కూడా మా ఆచారాల్లో ఒకటే. వాడు నా వైపు చూశాడు.

"నువ్వు కొట్టరా."

నేను ఎక్కాను. ఎప్పుడూ ఎక్కని సీటు. కాలు కిక్కు మీద పెట్టి, ఇది స్టార్టు కాకూడదని మనసులో గట్టిగా అనుకున్నాను. నా కాలి చరిత్ర తెలిసినవాళ్ళెవరైనా నాకా నమ్మకం ఉండటంలో తప్పు లేదంటారు. నా సొంత బండి నన్ను చెమట్లు పట్టించి గానీ కదలదు. ఇది ఒక్క కిక్కుకే అందుకుంది.

"నాకెప్పుడూ ఇంత తొందరగా అందలేదు" అన్నాడు వాడు. "ద్రోహి." నన్నో, బండినో నేను అడగలేదు.

చెరువులాయన ఎక్కి షెడ్డు బయటికి తీశాడు. సందు దాటి రోడ్డు మీదికి వెళ్ళేదాకా చప్పుడు వినిపిస్తూనే ఉంది. మేం ముగ్గురం కదలకుండా వింటున్నాం. రెండో గేరు వేయాల్సిన చోట వాడి కుడి తొడ కదిలింది. మడిచి పిన్నీసు పెట్టిన ప్యాంటు కాలు కొంచెం పైకి లేచి దిగింది. మూడో గేరు దగ్గర మళ్ళీ లేచింది. చప్పుడు మాత్రం ఇంకా రెండులోనే ఉంది.

"లేటు చేస్తున్నాడు" అన్నాడు. ఇంకాస్త ఆగి, "అలవాటవుద్దిలే" అన్నాడు.

ఆ తరవాత చాలా ఆదివారాలు వాడు రాలేదు. ఫోను చేస్తే మర్యాదగా మాట్లాడేవాడు. మేమూ మర్యాదగానే మాట్లాడేవాళ్ళం. పెట్టేశాక ఇద్దరికీ నోరు చప్పగా ఉండేది. షెడ్డులో అన్నా నేనూ ఒకరి బండినొకరం తిట్టుకోబోయేవాళ్ళం గానీ ఇద్దరే తిట్టుకుంటే అది నిజంగా తిట్టుకున్నట్టే ఉంటుంది. టిఫిను తినేవాళ్ళం. అరగడం ఒక్కటే మాకు మిగిలిన పని, రింగులు, మోకాళ్ళు, ఇడ్లీలు, అన్నీ అరిగేవే. ఈ మాట పైకి అంటే ఆయిలు మార్చాలనే మనిషి లేడు.

మొన్న ఎండలు ముదరకముందు ఒక ఆదివారం షట్టరు బయట ఆటో ఆగింది. చంకకర్రలు లేవు, చేతిలో ఒక్క కర్ర. ప్యాంటు రెండు కాళ్ళూ కిందిదాకా ఉన్నాయి, రెండు చెప్పులు. షట్టరు కింద వంగడం వాడికి కష్టమని నేను పైకి లేపబోయాను. వద్దని చెయ్యి ఊపి, గోడ పట్టుకుని, వంగి వచ్చాడు. లోపలికి వచ్చాక నిలబడ్డాడు. మామూలుగా అన్న గుడ్డు గురించి అడిగే చోటది. వాడు మమ్మల్ని చూస్తున్నాడు. ఆస్పత్రిలో చూసిన చూపే అది.

నాలుగడుగులు వేశాడు. అడుగుకొకసారి కాలు కిర్రుమంటోంది.

నేను ఏదో పలకరింపు వెతుక్కుంటున్నాను. ఎలా ఉన్నావు, బాగా నడుస్తున్నావు, ఇలాంటివే వస్తున్నాయి నోటికి. అంతలో అన్న చేతులు గుడ్డకు తుడుచుకుంటూ లేచి, తల వంచి ఆ కాలినే సూటిగా చూశాడు.

"ఎవడు బిగించాడ్రా అది?"

"ఏం?"

"బుష్షు అరిగిన చప్పుడొస్తోంది. నట్టు కూడా మార్చనివ్వనోడివి, ఇంత నకిలీ సామాను ఎలా ఒప్పుకున్నావు? విప్పివ్వు, లేతు మీద పెడతాను."

వాడు ముఖం తిప్పుకుని కర్రను మిషనుకు ఆనించాడు. కళ్ళు తుడుచుకున్నాడో, చెమటే తుడుచుకున్నాడో, చొక్కా చేతికి ఒక మరక అంటింది.

"నీ లేతు మీద పెడితే నాకు గిట్ట మొలుస్తుంది" అన్నాడు.

నేను స్టూలు తెచ్చాను. ఎక్కడ వేయాలో తెలియక ఆగాను. కోళ్ళగంప నిలబెట్టే చోట నేల మీద ఆయిలు మరక నల్లగా అలాగే ఉంది. సోమవారాలు అన్న షెడ్డంతా కిరసనాయిలుతో కడిగిస్తాడు, అక్కడ తప్ప. మేం ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. వాడు నా చేతిలోంచి స్టూలు లాక్కుని ఆ మరక మీదే వేసుకుని కూర్చున్నాడు. కొత్త కాలు చాపాడు. చెప్పు కొంచెం జారింది.

"ఇటు జరుగు, జారతావు" అన్నాను.

"జారనీరా. నా ఆయిలే కదా."

ఆ పూట మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చుని మా రెండు బండ్లనూ తిడుతూనే ఉన్నాడు. తిరిగి తిట్టడానికి వాడి దగ్గర మాకు బండి లేదు. ఆ కాలినే తిడుతూ వచ్చాం. చేపల చెరువులాయన సంగతి ఎవరూ ఎత్తలేదు. వెళ్ళేముందు నా బండి కదల్లేదు. కిక్కు మీద కిక్కు కొడుతున్నాను. ఆటోలో కూర్చున్నవాడు, డ్రైవరును ఆగమని, నా బండి అందుకునేదాకా వింటూ కూర్చున్నాడు.